బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుందా?

అంబాజీపేటకు కొబ్బరికాయలు, రావులపాలేనికి అరటిగెలలు తోలుకోవడానికి బ్యాటరీ ఆటో కొందామనుకునే రైతు సోదరులు ఒక సంగతి తెలుసుకోవాలి. "బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ చార్జి అవుతుందండి" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఎంత చార్జి అవుతుందో లెక్క చూసుకున్నాకే అప్పు కాగితం మీద సంతకం పెట్టడం మంచిది.

మోటారే డైనమో

సైకిలు డైనమో అందరికీ తెలిసిందే. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది, తొక్కుడు బరువవుతుంది. ఈ సౌకర్యం ఉన్న ఆటోలో బండిని నెమ్మది చేసేటప్పుడు మోటారే డైనమోగా పనిచేస్తుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. మామూలు బ్రేకులోనైతే ఆ శక్తి అంతా డ్రమ్ము వేడెక్కి గాలిలో కలిసిపోతుంది.

2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో రైళ్లలోనూ ఇదే పద్ధతి. అక్కడ కరెంటు పై తీగలోకి తిరిగి వెళ్లి మరో రైలుకు పనికొస్తుంది. మన ఆటోకు తీగ లేదు కాబట్టి దాచుకునే చోటు కావాలి. ఆ చోటు బ్యాటరీయే.

లెక్క ఇదీ

బండి, డ్రైవరు, లోడు కలిపి 1,000 కిలోలు, వేగం గంటకు 36 కిలోమీటర్లు అనుకుందాం. ఆ పరుగులో ఉండే శక్తి 50 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటంటే 3,600 కిలోజౌళ్లు. అంటే మొత్తం తిరిగొచ్చినా 72 సార్లు ఆపితే గాని ఒక యూనిట్ కాదు. మొత్తం రాదు కూడా. మోటారులో, బ్యాటరీలో కొంత పోతుంది. వేగం బాగా తగ్గాక డ్రమ్ము బ్రేకే బండిని ఆపాలి. సగం వస్తుందనుకున్నా, 20 సార్లు ఆపితే దక్కేది యూనిట్‌లో ఏడో వంతు. వంతెన దిగేటప్పుడు వచ్చేది కూడా ఎక్కడానికి అయిన ఖర్చులో కొంత భాగమే.

బ్యాటరీ ఎంత తీసుకుంటుంది?

బ్రేకు కరెంటు కొద్ది సెకన్లలో ఒక్కసారిగా వస్తుంది. యాసిడ్ బ్యాటరీ అంత వేగంగా తీసుకోలేదు, లిథియం బ్యాటరీ నయం. సూపర్ కెపాసిటర్ ఇంకా వేగంగా తీసుకుంటుంది గాని అందులో నిలవ తక్కువ, ఖరీదు ఎక్కువ. నిండిన చేలోకి నీరు ఎక్కనట్టే, నిండా చార్జి అయిన బ్యాటరీలోకి ఈ కరెంటు ఎక్కదు. అప్పుడు మోటారు బ్రేకు పట్టు తగ్గుతుంది. అందుకే డ్రమ్ము బ్రేకులు ఎప్పుడూ కండిషన్‌లో ఉండాలి.

కొనేముందు

1. మీ దారిలో, మీ లోడుతో నడిపించి ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూడండి.
2. బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోండి.
3. ఆపవలసిన చోటికి ముందుగానే ఏక్సిలరేటరు వదలండి. బ్రేకు షూలు ఎక్కువ కాలం మన్నుతాయి.
4. చెప్పిన బరువుకు మించి ఎక్కించకండి.

బ్రేకు మీద వచ్చేది కొసరు మాత్రమే. ఇంటి దగ్గర ప్లగ్గులో పెట్టిన చార్జితోనే రానూపోనూ సరిపోయే బండి అయితేనే కొనండి.