గాయం వెనుక సమాజం

కాలిన గాయాలతో ఆసుపత్రికి వచ్చిన రోగిని వైద్యులు మొదట అడిగే ప్రశ్న "ఎలా కాలింది?" అన్నదే. "స్టవ్ పేలింది", "చీరకొంగు అంటుకుంది", "వేడినీళ్లు ఒలికాయి" అని సమాధానాలు క్లుప్తంగా వస్తాయి. అయితే వయస్సు, చదువు, వృత్తి, ఆదాయం, ఇంటి వసతి, వాడే ఇంధనం వంటి వివరాలను కూడా నమోదు చేసి, అనేకమంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి పరిశీలిస్తే, విధిలిఖితంగా తోచిన ప్రమాదాలలో ఒక క్రమం కనిపిస్తుంది.

2009లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం, 2001లో భారతదేశంలో 1,63,000 మందికి పైగా అగ్నికి ఆహుతి అయ్యారని అంచనా వేసింది. వారిలో సుమారు 1,06,000 మంది స్త్రీలు. ఆ స్త్రీలలో ఎక్కువమంది 15 నుండి 34 సంవత్సరాల మధ్య వయస్సు గలవారు. ఇతర గాయాల వల్ల పురుషులే అధికంగా మరణిస్తుండగా, ఇక్కడ లెక్క తలక్రిందులయింది.

ఇందుకు మొదటి కారణం వంటగది. గాలి వెలుతురు లేని ఇరుకు గది, నేల మీద పొయ్యి, వెలుగుతున్న కిరోసిన్ స్టవ్‌లో నూనె పోయడం, సులభంగా అంటుకొనే కృత్రిమ నూలు వస్త్రాలు ప్రమాదానికి దారితీస్తాయి. అదే గదిలో ఆడుకొనే పసిపిల్లల మీద మరుగుతున్న నీరు ఒలుకుతుంది. కర్మాగారాలలో, విద్యుత్తు పనులలో గాయపడేవారు ఎక్కువగా పురుషులు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు వంటగ్యాసును చేర్చాయి.

అయితే స్టవ్‌ను మార్చినంత మాత్రాన సమస్య తీరదు. కొన్ని సందర్భాలలో "ప్రమాదం" అన్న మాట వెనుక వరకట్న హింస దాగి ఉంటుంది. ఈ ప్రశ్నను ఆసుపత్రి గోడల వెలుపలికి తెచ్చినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణపు విద్యార్థినులు ఉన్నారు. 1974లో వారు ముఖ్యపాత్ర వహించి స్థాపించిన 'ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్' 1975లో హైదరాబాదులో వరకట్నానికి వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిపింది. వరకట్న నిషేధ చట్టం 1961 నాటికే ఉన్నా, వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా 1986లో శిక్షాస్మృతిలో చేర్చారు. వివాహమైన ఏడు సంవత్సరాలలోపు మరణాలకు వర్తించే ఆ నిర్వచనంలో కాలిన గాయాల ప్రస్తావనే ముందుగా వస్తుంది. 2024 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం కొనసాగుతోంది.

గాయపడిన తరువాత కూడా పేదరికం వెంటాడుతుంది. ప్రాంగణానికి చేరువలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ అధ్యయనం చేసే పోషణ లోపానికీ కాలిన గాయానికీ సంబంధముంది. కాలిన శరీరం కోలుకోవడానికి మామూలుకంటే అధిక శక్తిని, మాంసకృత్తులను కోరుతుంది. అర్ధాకలితో ఉన్నవారి గాయం ఆలస్యంగా మానుతుంది.

కాలినచోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిధార పోయాలి. మంచు, సిరా, పళ్లపొడి పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఇది ప్రథమ చికిత్స. "ఎలా కాలింది?" అన్న ప్రశ్నతో ఆగక, "ఎవరికి, ఏ పరిస్థితులలో కాలింది?" అని అడగడం సమాజానికి జరగవలసిన చికిత్సకు ఆరంభం.

ప్రశ్నలు
1. కాలిన గాయాలకు గల సామాజిక కారణాలను వివరించండి.
2. "స్టవ్‌ను మార్చినంత మాత్రాన సమస్య తీరదు" – ఎందువల్ల?