జ్వరము విడిచిన పిమ్మట

“లంఖణము పరమౌషధము” అను మాట మన యిండ్లలో వినని వారుండరు. ఒకప్పుడు సన్నిపాత జ్వరము తగిలినచో రోగికి వారముల తరబడి వేడినీళ్ళును, పలుచని బార్లీ జావయు తప్ప మరేమియు ఇచ్చెడివారు కారు. జ్వరము విడిచిన పిమ్మట మంచి దినము చూచి పథ్యము పెట్టెడివారు. మెత్తని యన్నము, మిరియాల చారు, బీరకాయ కూర: ఇదియే ఆ విందు. అప్పటికి రోగి యెముకల గూడై, గోడ పట్టుకొని నడచుచుండెడివాడు. జ్వరమే యింత పని చేసినదని ఇంటివారు తలచెడివారు. జ్వరము కొంత చేసిన మాట నిజమే. మిగిలినది ఆకలి చేసినది.

ఈ పొరపాటు మన దేశమునకే చెందినది కాదు. ఐరోపాలోను జ్వరపీడితులను పస్తుంచుట చిరకాలము వైద్యాచారమై యుండెను. ఐర్లండులో డబ్లిను నగర వైద్యుడగు రాబర్టు గ్రేవ్సు (1796–1853) దీని నెదిరించెను. ఆరోగ్యవంతుడే దీర్ఘకాలము పస్తుండిన మంచము పట్టునుగదా, రోగి యెట్లు తాళగలడని ఆయన వాదము. జ్వరరోగులకు అన్నము పెట్టినవాడని తన సమాధిపై వ్రాసిన చాలునని ఆయన శిష్యులతో అనెనని చెప్పుదురు.

1854 నవంబరులో క్రిమియా యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికులకు సేవ చేయుటకై ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది పరిచారికలతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేరెను. అచ్చట గాయములకంటె రోగములు ఎక్కువ మందిని పొట్టపెట్టుకొనుచుండెను. వంటశాల సంగతి వినుడు. సైనికుల వంతు మాంసమును ఎవరిది వారికి తెలియునట్లు గుర్తులు పెట్టి, గట్టిగా కట్టి, పెద్ద కాగులలో ఉడికించెడివారు. పైభాగము పీచుపీచగును, లోపల పచ్చిగనే యుండును. ఉడికిన నీటిని, అనగా రోగి తాగగలిగిన ఒక్క సారమును, పారబోసెడివారు! నైటింగేలు రోగులకు ప్రత్యేకముగా జావలు, రసములు కాచు వంటశాలల నేర్పరచెను. 1855లో లండనునందు పేరు మోసిన వంటవాడు అలెక్సిసు సోయరు తనంతట తాను వచ్చి, మాంసపు కట్లు వదులు చేయించి, ఆ సారమును నిలుపుట వంటవాండ్రకు నేర్పెను. యుద్ధకథలలో వంటవాని పేరు కనబడుట అరుదు. ఈతని పేరు మాత్రము నిలిచినది.

1859లో నైటింగేలు పరిచర్యను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఆహారము పుష్కలముగా నున్న చోటనే వేలకొలది రోగులు పస్తులుందురని హెచ్చరించెను. తినలేనివానికి గంట కొక్క చెంచాయైనను పట్టవలెననియు, ముట్టని పళ్ళెమును మంచము ప్రక్కనే విడిచి పోరాదనియు ఆమె చెప్పెను.

దీనికి శాస్త్రకారణము తరువాత తెలిసెను. పస్తున్నవాని కాలేయమున నిలువయున్న పిండిపదార్థము సుమారు ఒక్కనాటికే సరిపోవును. పిమ్మట శరీరము కొవ్వుతోపాటు తన కండలనే కరగించుకొనును. జ్వరమున ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగిన కొలదియు దేహపు ఖర్చు నూటికి పది పైబడి హెచ్చును. 1930 ప్రాంతమున గ్లాస్గో నగరమందు డేవిడు కత్బర్ట్‌సను ఎముక విరిగినవారి మూత్రమును పరీక్షింపగా నత్రజని విశేషముగా కనబడెను. విరిగినది కాలి యెముకయే యైనను, కరగుచున్నది దేహమంతటి కండ యని తేలెను. కండ యనగా చేతిబలము మాత్రమే కాదు. గట్టిగా దగ్గి కఫమును వెడలించుటకును కండయే కావలెను. అది చాలనివానికి ఊపిరితిత్తులలో చీము చేరును.

2019లో స్విట్జర్లండునుండి ఒక పరిశోధన వెలువడినది. ఎనిమిది ఆసుపత్రులలో పోషణ చాలని రోగులను రెండువేలమందికి పైగా రెండు పక్షములుగా విభజించిరి. ఒక పక్షమునకు మామూలు ఆసుపత్రి భోజనము. రెండవ పక్షమునకు ఎవరికెంత శక్తి, ఎంత మాంసకృత్తు కావలెనో లెక్కగట్టి పెట్టిరి. ముప్పది దినములలో మొదటి పక్షమున నూటికి పదిమంది, రెండవ పక్షమున నూటికి ఏడుగురు మరణించిరి. కొత్త మందేమియు లేదు, భేదము పళ్ళెములోనిదే.

ఐనను మన పెద్దలు కొంచెము కొంచెముగా పెట్టుటలో తెలివి లేకపోలేదు. చిరకాలము పస్తున్నవానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టినచో రక్తములోని భాస్వరము కణములలోనికి పోయి, గుండె తడబడవచ్చును. పేగులకు శస్త్రచికిత్స జరిగినవారి విషయమున వైద్యుడు చెప్పినట్లే నడువవలెను. పథ్యములోని లోపము వేరు: చారన్నమున కండను కట్టు పదార్థము స్వల్పము. వాతమని పప్పును, వేడియని గ్రుడ్డును, కఫమని పెరుగును మాన్పించినచో రోగికి మిగులున దేమి?

నేటి పెద్ద ఆసుపత్రులలో ఆహారనిపుణులు కలరు. వడ్డించినది మిగిలినచో వారు కారణ మడుగుదురు. నోరు పూసినదా? పళ్ళు లేవా? పరీక్షకు తీసికొనిపోయిన వేళ భోజనము వచ్చి చల్లారినదా? పళ్ళెము చేతి కందనంత దూరమున నుండుటచేతనే తినక మిగిల్చిన ముసలివారును కలరు.