పవర్‌పాయింట్‌లో బొమ్మలను పలచబరచడం ఎలా?

స్లైడ్‌లో అన్నీ ఒకే గాఢతతో ఉంటే చూసేవాళ్లకు దేనిమీద దృష్టి పెట్టాలో తెలియదు. మీరు మాట్లాడుతున్న అంశాన్ని నిండుగా ఉంచి, మిగతావాటిని పలచబరిస్తే చెప్పేది సూటిగా చేరుతుంది. అందుకు పనికొచ్చేదే ట్రాన్స్‌పరెన్సీ. పవర్‌పాయింట్‌లో 0 శాతం అంటే నిండు రంగు, 100 శాతం అంటే బొమ్మ అసలు కనిపించదు. క్యాన్వాలో ఇది తలకిందులు: అక్కడ 100 అంటే నిండు రంగు.

ఫొటో మీద అక్షరాలు తేలిగ్గా చదివించాలంటే

1. ఇన్సర్ట్ ట్యాబ్‌లో షేప్స్ నొక్కి, అక్షరాలు రావాల్సిన చోట ఫొటో మీద దీర్ఘచతురస్రం గీయండి.
2. దానిమీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ షేప్ ఎంచుకోండి. కుడివైపు ప్యానెల్ తెరుచుకుంటుంది.
3. ఫిల్ కింద సాలిడ్ ఫిల్ పెట్టి, నలుపు రంగు ఇవ్వండి. ట్రాన్స్‌పరెన్సీ స్లైడర్‌ను 40 దగ్గరికి జరపండి.
4. లైన్ కింద నో లైన్ పెట్టండి. అంచు గీతకు స్లైడర్ వేరు కాబట్టి, ఫిల్ పలచబడినా గీత చెక్కుచెదరదు.
5. ఇప్పుడు తెల్లని అక్షరాలు టైప్ చేయండి. వెనక ఫొటో కనిపిస్తూనే ఉంటుంది, అక్షరాలు మాత్రం పలచబడవు.

ఫొటోనే పలచబరచాలంటే మైక్రోసాఫ్ట్ 365లో పిక్చర్ ఫార్మాట్ ట్యాబ్‌లోని ట్రాన్స్‌పరెన్సీ వాడండి. పాత వెర్షన్లలో ఈ బటన్ లేకపోతే ఒక షేప్ గీసి, దాని ఫిల్‌గా ఆ ఫొటోనే ఇచ్చి స్లైడర్ జరపండి.

మాట్లాడుతుండగా పలచబడాలంటే

నీటి చక్రం పాఠం చెబుతున్నారనుకోండి. స్లైడ్‌లో ఆవిరి, మేఘం, వాన అని మూడు పెట్టెలున్నాయి. మేఘం వచ్చేసరికి ఆవిరి వెనక్కి తగ్గాలి.

1. మేఘం పెట్టెను ఎంచుకుని, యానిమేషన్స్ ట్యాబ్‌లో ఎంట్రన్స్ కింద ఫేడ్ ఇవ్వండి. స్టార్ట్ దగ్గర ఆన్ క్లిక్ ఉంచండి.
2. ఆవిరి పెట్టెను ఎంచుకుని, ఎంఫసిస్ కింద ట్రాన్స్‌పరెన్సీ ఇవ్వండి. దీనికి స్టార్ట్ దగ్గర విత్ ప్రీవియస్ పెట్టండి. అప్పుడు ఒకే క్లిక్‌తో రెండూ జరుగుతాయి.
3. యానిమేషన్ పేన్‌లో ఆ ఎఫెక్ట్ పక్కనున్న బాణం నొక్కి, ఎఫెక్ట్ ఆప్షన్స్ తెరవండి. అమౌంట్ 50 శాతం ఇవ్వండి.
4. అక్కడే టైమింగ్‌లో, డ్యూరేషన్ దగ్గర అన్‌టిల్ ఎండ్ ఆఫ్ స్లైడ్ ఎంచుకోండి. అన్‌టిల్ నెక్స్ట్ క్లిక్ ఉంటే, తర్వాతి క్లిక్‌కే ఆవిరి మళ్లీ నిండుగా వచ్చేస్తుంది.
5. వాన పెట్టెకు ఫేడ్, మేఘానికి ట్రాన్స్‌పరెన్సీ ఇలాగే ఇవ్వండి.

షిఫ్ట్‌తో పాటు ఎఫ్5 నొక్కితే ఉన్న స్లైడ్ నుంచే షో మొదలవుతుంది. వెలుతురున్న గదిలో ప్రొజెక్టర్ మీద పలచని రంగులు మరింత వెలిసిపోతాయి. అందుకే వీలైతే ముందుగా ఆ గదిలోనే స్లైడ్ వేసి, చివరి వరుసలో నిలబడి చూడండి. పలచబడిన పెట్టెలోని మాట అక్కడికి కనిపించకపోతే 50ని 30కి తగ్గించండి.