నీళ్లలో బర్రె, కొరియర్ చేతిలో డబ్బు

బర్రెను నీళ్లలో పెట్టి బేరం చేసినట్లు అని మన పెద్దలు ఏనాడో సామెత చెప్పారు. నీళ్లలో పడుకున్న బర్రెకు పైకి కనిపించేవి కొమ్ములూ, ముట్టె మాత్రమే. పొదుగు ఎలా ఉందో, కాలు కుంటిదో ఏమో, అసలు అమ్మేవాడి సొత్తేనో కాదో తెలియదు. అయినా బేరం జోరుగా సాగిపోతుంది! సెల్‌ఫోనులో నాలుగు ఫోటోలు చూసి, ముక్కూమొగం తెలియని మనిషి దగ్గర పాత లాప్‌టాప్ కొనే మన హాస్టలు మిత్రులను చూసినప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తుకు వస్తుంది. సామెతలో బర్రె కనీసం పక్క చెరువులోనే ఉంది. ఇక్కడ చెరువు కూడా ఎక్కడుందో తెలియదు.

నేను కామర్సు విద్యార్థిని. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం మాకు పాఠ్యాంశం. పరీక్ష కోసం చదివినన్నాళ్లూ అది నాకు ఉప్పులేని పప్పులాగానే ఉండేది. ఈ ఏడాది మా హాస్టలులో జరిగిన ఒక వ్యవహారం తరువాత ఆ పుస్తకం మళ్లీ తీశాను. మిత్రులకూ, గురువులకూ విన్నవించదలచినది అందులోంచి పుట్టిందే.

జరిగింది ఇది. మా బ్లాకులో ఉండే మొదటి సంవత్సరం సైన్సు విద్యార్థి ఒకడు పాత సామాన్ల ప్రకటనలు వచ్చే ఒక వేదికలో లాప్‌టాప్ చూశాడు. ధర 14,000 రూపాయలు. అమ్మేవాడు చాలా మర్యాదస్తుడు. "తమ్ముడూ, రోజులు బాగాలేవు, ఎవరికీ ముందుగా డబ్బు పంపకు. కొరియర్ అబ్బాయి పెట్టె తెస్తాడు. పెట్టె నీ చేతికి వచ్చాకే నోట్లు అతనికివ్వు" అన్నాడట. ఇంతకంటే నిజాయితీ ఏం కావాలి? ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న డబ్బు, స్కాలర్‌షిప్ డబ్బు కలిపి లెక్కపెట్టి ఇచ్చాడు. పెట్టె విప్పితే పాత దినపత్రికల్లో చుట్టిన నేల పలక బయటపడింది. బరువు మాత్రం లాప్‌టాప్‌కు సరిగ్గా సరిపోయింది. కొరియర్ కుర్రవాడు ఇంకా మెట్లు దిగనే లేదు. పిలిస్తే, "నాకేం తెలుసన్నా, పెట్టె ఇమ్మన్నారు, డబ్బు తెమ్మన్నారు" అన్నాడు. అతను అన్నది అక్షరాలా నిజం. అసలు చిక్కు అంతా ఆ మాటలోనే ఉంది.

అమ్మకపు చట్టం 32వ సెక్షన్ ఏమంటుందంటే, వేరే ఒప్పందం లేకపోతే సరుకు అప్పగించడం, ధర చెల్లించడం ఏకకాలంలో జరగాలి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో పుచ్చుకోవడమన్నమాట. 41వ సెక్షన్ ప్రకారం, ముందు చూసి ఎరగని సరుకును పరీక్షించుకునే సావకాశం కొన్నవాడికి ఉండాలి. అంతవరకు అతను దాన్ని అంగీకరించినట్లు కాదు. సంతలో ఈ రెండూ సహజంగానే జరిగిపోతాయి. ఎద్దు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తారు, పలుపుతాడు ఇటు, డబ్బు అటు. మధ్యనున్న దళారి ఇద్దరికీ తెలిసినవాడు. ఎద్దు తన్నిందంటే వచ్చేవారం సంతలో అతగాడి చొక్కా పట్టుకోవచ్చు.

మనుషుల మధ్య దూరం పెరిగితే ఈ కట్టు తెగిపోతుంది. డబ్బు ముందా, సరుకు ముందా అన్న ప్రశ్న పుడుతుంది. ముందు చెయ్యి చాచినవాడే నష్టపోయే ఆట ఇది. దీనికి మన దేశంలో తపాలాశాఖ 1877లోనే ఒక ఉపాయం కనిపెట్టింది. అదే వి.పి.పి. పుస్తకాల షాపువాడు పార్శిల్ కడతాడు. పోస్టుమాన్ దానిని మన గుమ్మంలోకి తెచ్చి ధర వసూలు చేసుకుని పార్శిల్ ఇస్తాడు. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. పాత పత్రికలు తిరగేస్తే "వి.పి.పి. ద్వారా పంపబడును" అన్న ప్రకటనలు కోకొల్లలు. రేడియోకు ఆర్డరిస్తే ఇటుకముక్క వచ్చిందన్న కథలు మా తాతగారి తరంవాళ్లు చెబుతూనే ఉంటారు. అంటే నేల పలక కొత్తది కాదు, ఇటుకకు మనవడు!

అయితే ఆనాటి చట్టం ఈ ఇటుక సంగతి ఎరగకపోలేదు. 1898 నాటి తపాలా చట్టంలో రెండు సంగతులు నన్ను ఆకర్షించాయి. ఒకటి, నిజంగా వచ్చిన ఆర్డరు మీదనే పంపుతున్నానని పంపేవాడు ప్రకటించాలని షరతు పెట్టవచ్చు. రెండవది, మోసం జరిగిన సందర్భాల్లో వసూలైన సొమ్మును ఆపి, పార్శిల్ పుచ్చుకున్నవాడికి తిరిగి ఇవ్వడానికి నిబంధనలు చేయవచ్చు. ఆ చట్టం స్థానంలో 2023 తపాలా చట్టం వచ్చింది, 2024 జూన్‌లో అమలైంది. కాని ఆ రెండో సంగతిలోని తెలివి పాతబడలేదు. గుమ్మంలో మనం ఇచ్చిన డబ్బు ఆ క్షణమే మోసగాడి జేబులో పడదు. కొంతకాలం మధ్యవాడి పెట్టెలో ఉంటుంది. ఆ కొంతకాలమే మన చేతిలో మిగిలిన తాడు.

మా జూనియర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కొరియర్ కంపెనీలు వసూలు చేసిన నగదును సాధారణంగా కొన్ని రోజుల తరువాత గాని పంపినవాడి ఖాతాకు జమ చేయవు. పెట్టె విప్పిన గంటలోనే రశీదు నంబరుతో కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ సొమ్ము ఆపమని అడిగి, నకలు పోలీసులకు ఇచ్చి ఉంటే ఆశ ఉండేది. కాని అతను సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. రూంమేట్లు నవ్వుతారని, ఇంట్లో తిడతారని భయం. ఐదో రోజున నా గదికి వచ్చి, "అన్నా, ఒక మాట" అన్నాడు. అప్పటికి డబ్బు చేరవలసిన చోటికి చేరిపోయింది. ఇప్పుడు అతను ప్రాజెక్టు పనంతా డిపార్టుమెంటు ల్యాబు మూసేలోగా ముగించుకుంటున్నాడు. మోసపోయినవాణ్ణి చూసి నవ్వే అలవాటు మన హాస్టళ్లలో ఉంది. మోసగాడికి ఈ నవ్వు చేసే సాయం ఇంతా అంతా కాదు.

ఇంతకూ ఇంత చదువుకున్న పిల్లవాడు ఎలా నమ్మాడు? నా ఉద్దేశంలో అలవాటు వల్ల. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టిన తరువాత మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోళ్లు బాగా ఊపందుకున్నాయి. కార్డులు లేనివాళ్లు, ఉన్నా నమ్మకం లేనివాళ్లు కూడా కొనసాగారు. దానితో "సరుకు వచ్చాక నగదు ఇస్తే భయం లేదు" అన్న మాట మనలో బాగా నాటుకుంది. కాని అక్కడ మనల్ని కాపాడింది నగదు కాదు. వెనక ఒక కంపెనీ ఉంది. దానికి చిరునామా ఉంది, సరుకు వాపసు తీసుకునే పద్ధతి ఉంది, రేపు మళ్లీ మనకు అమ్ముకోవాలన్న ఆశ ఉంది. పాత లాప్‌టాప్ అమ్మే అనామకుడికి ఇవేవీ లేవు. అతను కంపెనీల పద్ధతిలోని పైవేషం మాత్రం అరువు తెచ్చుకున్నాడు. పైగా నోటు మీద పేరు రాసి ఉండదు. బ్యాంకు ద్వారా పోయిన డబ్బయితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే ఎదుటి ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది. (మన అమ్మకపు చట్టం సంవత్సరం, ఈ నంబరు ఒకటే కావడం కాకతాళీయం. పరీక్షలో గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.)

కొనేవాడి సంగతి ఇలా ఉంటే అమ్మేవాడూ సుఖంగా లేడు. ఇంగ్లండులో చదువుకుంటున్న మన కళాశాల పూర్వ విద్యార్థిని ఒకరు ఆ దేశంలో బాగా ప్రచారంలో ఉన్న తంతు చెప్పారు. ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె తన సైకిలును 120 పౌండ్లకు అమ్మకానికి పెట్టారు. కొంటానన్నావిడ, "నాకు రాత్రి డ్యూటీలు, రాలేను. పార్శిల్ కంపెనీ మనిషిని పంపిస్తాను. సీలు వేసిన కవరులో నగదు తెస్తాడు, లెక్క చూసుకుని సైకిలు ఇవ్వండి" అన్నది. అంతవరకు బాగుంది. కాసేపటికి కంపెనీ గుర్తుతో ఒక మెయిలు: కవరులో నగదు ఉంది కాబట్టి బీమా కింద 50 పౌండ్లు అమ్మేవారు కట్టాలి, ఆ 50 కూడా కవరులోనే కలిపి ఇవ్వబడును! ఈ తర్కం ఎంత చక్కనిదో చూడండి. 170 వస్తుంటే 50 కట్టడానికి ఎవరు వెనకాడతారు? ఈమె కామర్సు చదివిన మనిషి. మెయిలులో ఇచ్చిన నంబరుకు కాకుండా కంపెనీ అసలు నంబరు వెతికి ఫోను చేసింది. అటువంటి సేవే తమకు లేదన్నారు. ఆ కవరు లేదు, ఆ కొరియరూ లేడు. ఉన్నదల్లా 50 పౌండ్ల మీద ఆశ.

మన దగ్గరా పేరున్న కొరియర్ కంపెనీల షరతులు చదివితే, తీసుకోని వస్తువుల పట్టికలో కరెన్సీ నోట్లు సాధారణంగా కనిపిస్తాయి. సరుకు అప్పగించి ధర వసూలు చేయడం వేరు, ఎవరో ఇచ్చిన నోట్ల కట్టను కవరులో మోయడం వేరు. ఒకవేళ నిజంగానే కొన్నవాడు పంపిన మనిషి వచ్చాడనుకోండి, చట్టం అమ్మేవాడికి పెద్ద ఊరట ఇవ్వదు. 39వ సెక్షన్ ప్రకారం, ఒప్పందాన్ని అనుసరించి రవాణాదారుకు సరుకు అప్పగిస్తే, పైకి చూడగానే అది కొన్నవాడికి అప్పగించినట్లే. సైకిలు గేటు దాటిందా, పట్టు తప్పిందే. మధ్యవాడు ఎవరి మనిషి అన్నది అందుకే ముఖ్యం. మనం ఎంచుకున్నవాడా, ఎదుటివాడు ఎంచుకున్నవాడా, లేక ఇద్దరికీ జవాబుదారీ అయినవాడా?

ఆర్థికశాస్త్రం చదివేవారికి ఇక్కడ జార్జి అకర్లోఫ్ గుర్తుకు రావాలి. 1970లో ఆయన పాత కార్ల బజారును గురించి ఒక వ్యాసం అచ్చువేశారు. అంతకుముందు మూడు పత్రికలు దానిని తిప్పి పంపాయి. 2001లో అదే ఆయనకు నోబెల్ బహుమతిలో పాలు తెచ్చింది. ఆయన వాదాన్ని మన భాషలో చెప్పుకుందాం. పాత లాప్‌టాప్‌లలో సగం మంచివి, విలువ 20,000. సగం పాడువి, విలువ 8,000. కొనేవాడికి తేడా తెలియదు కనుక మధ్యస్థంగా 14,000 ఇస్తానంటాడు. 20,000 విలువ గలది ఉన్నవాడు ఆ ధరకు ఇవ్వడు, బజారులోంచి తప్పుకుంటాడు. మిగిలేవి పాడువే. అంటే మోసం వల్ల నష్టపోయేది మోసపోయినవాడు ఒక్కడే కాదు. నిజాయితీగా తన మంచి వస్తువు అమ్ముకోదలచినవాడికి కూడా ధర రాదు. మన హాస్టలులో చివరి సంవత్సరం వాళ్లు మంచి సైకిళ్లను చౌకగా పాతసామాన్లవాడికి తూకానికి వేసి పోవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

దీనికి విరుగుడు లేకపోలేదు. చైనాలో 2003లో టావోబావో అనే అంగడి మొదలైనప్పుడు అక్కడివాళ్లకూ ఇదే భయం. 2004లో వచ్చిన అలిపే అనే పద్ధతి కొన్నవాడి డబ్బును తన దగ్గర ఉంచుకుని, సరుకు చేరి బాగుందని అతను చెప్పిన తరువాతనే అమ్మినవాడికి విడుదల చేసింది. మన సంత దళారి చేసే పనే, కాకపోతే తుండుగుడ్డ లేదు. మన దగ్గర పాత వస్తువుల ప్రకటనలు వేసే వేదికల్లో చాలా వాటికి ఆ బాధ్యత పట్టలేదు. ప్రకటన చూపించి పక్కకు తప్పుకుంటాయి.

యు.పి.ఐ. సంగతి క్లుప్తంగా చెబుతాను. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నంబరు అవసరం లేదు. పుచ్చుకోవడానికంటూ పిన్ కొట్టమన్నవాడు మీ దగ్గర తీసుకుంటున్నాడన్నమాట. పాత ఫోను కొనేవారు ఇంకొకటి చూడాలి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే ఫోను తన ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కె.వై.ఎం. అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య చేర్చి 14422కు ఎస్.ఎం.ఎస్. ఇస్తే అది దొంగిలించినదిగా నమోదైందో లేదో తెలుస్తుంది. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండీ కొంటే అదీ నేరమే. ఇక మోసగాణ్ణి మనం ఇంకా ఫోర్ ట్వంటీ అనే పిలుస్తున్నాం గాని, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్‌లోకి మారింది. నాలుకకు మాత్రం పాత నంబరే అలవాటు.

మన యూనియన్‌కు నాదొక సూచన. యూనియన్ గదిలో శనివారం సాయంత్రాలు ఒక బల్ల వేద్దాం. అమ్మేవాడు వస్తువు తెస్తాడు, కొనేవాడు డబ్బు తెస్తాడు. లాప్‌టాప్ అయితే అరగంట నడిపి చూస్తారు, సైకిలయితే గ్రౌండు చుట్టూ తొక్కి చూస్తారు. వేరే ఊరి వస్తువయితే ఆ ఊళ్లో ఉన్న మన పూర్వ విద్యార్థి ఎవరైనా వెళ్లి కళ్లారా చూసి చెప్పాలి. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు తమ ఊరి పేరు, ఫోను నంబరు యూనియన్‌కు రాసి పంపితే చాలు. కార్యదర్శిని అడిగాను. బల్ల ఉందట, గది తాళం మాత్రం ఆఫీసు అటెండరుగారి దగ్గర ఉందట. రిజిస్టరు నేను కొన్నాను. మొదటి పేజీలో గీతలు గీశాను: తేదీ, వస్తువు, ఐ.ఎం.ఇ.ఐ. లేక సీరియల్ నంబరు, అమ్మినవారు, కొన్నవారు, ఇచ్చిన సొమ్ము, చూసిన సాక్షి. తాళం రావడమే తరువాయి.