పెన్సిలుతో సొరచేప

మనది కర్నూలు జిల్లా. మనకు తుంగభద్ర ఉంది. కాలువలు ఉన్నాయి. సముద్రం మాత్రం లేదు.

గూడూరులో ఒక తల్లి, ఒక కూతురు ఉన్నారు. తల్లి ఉల్లిగడ్డల కోతకు, పత్తి తీయడానికి కూలికి పోతుంది. కూతురు ఎనిమిదో తరగతి. ఒకనాడు తల్లి పని నుంచి వచ్చేసరికి కూతురు నోటుబుక్కు ముందు పెట్టుకొని ఏడుస్తా ఉంది.

"ఏందే, ఏమాయె?"

"సముద్రంలో బతికే వాటి బొమ్మలు నాలుగు గీసుకొని రమ్మన్నారు మా. నాకు రాదు. రేపు నేను బడికి పోను."

తల్లికి గుండె దడదడలాడింది. తనూ చిన్నప్పుడు ఇదే మాట అని రెండో తరగతిలో బడి మానేసింది. ఆ తరువాత పాతికేళ్లు వేలిముద్రే వేసింది. పోయిన ఏడాదే సంతకం నేర్చింది.

"సముద్రం నేనూ చూడలే. చేపను చూడలేదా ఏంది? సుంకేసుల చేపలు ఎన్ని కోసినా! పెన్సిలు ఇట్ల తే" అంది.

తల్లికి ముగ్గులు బాగా వచ్చు. ముగ్గు ఎట్లా వేస్తాం? ముందు చుక్క పెడతాం. ఆమె కాగితం మీద రెండు చుక్కలు పెట్టింది. ఒకటి మూతికి, ఒకటి తోకకు. పైన ఒక వంపు గీత, కింద ఒక వంపు గీత గీసి చుక్కలు కలిపింది. కంటి ఆకారం వచ్చింది. అదే చేప ఒళ్లు. వెనక తోక. తల వెనక వంపుగా మొప్ప మూత. వీపు మీద, పొట్ట కింద రెక్కలు. పొలుసులు అన్నీ గీయలేదు. నాలుగైదు గీసి వదిలేసింది. అన్నీ గీస్తే చేప కాదు, జల్లెడ అవుతుంది.

మొదట పెన్సిలును తేలికగా పట్టాలి. గట్టిగా ఒత్తితే రబ్బరుతో తుడిచినా గీత పోదు. రూపం కుదిరాక ముదురు గీత గీయాలి. తరువాత పెన్సిలును పక్కకు వాల్చి వీపు మీద రుద్దాలి. పొట్ట తెల్లగా వదలాలి. చాలా చేపలకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. పై నుంచి చూసే పక్షికి నల్లని వీపు నీళ్లలో కలిసిపోతుంది. కింద నుంచి చూసే పెద్ద చేపకు తెల్లని పొట్ట వెలుతురులో కలిసిపోతుంది. దాక్కోవడానికి ఆ రంగు.

"మరి సొరచేప?" అంది కూతురు. పాఠం పుస్తకంలో బొమ్మ ఉంది. ఇద్దరూ దాన్ని బాగా చూశారు. సొరకు నోరు ముక్కు కింద ఉంది. మొప్పకు మూత లేదు, పక్కన ఐదు చీలికలు ఉన్నాయి. తోకలో పై కొస పొడవు, కింది కొస పొట్టి. ఈ మూడూ కుదిరితే ఎవరు చూసినా సొర అనే అంటారు.

ఎండ్రకాయ సులువుగా వచ్చింది. డిప్ప ఒకటి, కాళ్లు పది. అందులో ముందు రెండు పట్టుకునే కొండ్లు. నాలుగోది సముద్రపు గుర్రం. తల గుర్రంలా, తోక చుట్ట చుట్టుకొని ఉంటుంది. వీటిలో ఆడది గుడ్లను మగదాని సంచిలో పెడుతుంది. మోసేది, కనేది మగదే! అది విని తల్లి పడి పడి నవ్వింది. "ఈ బొమ్మ మీ నాయనకు చూపియ్" అంది.

మన తెలుగు తీరంలో చేపల బొమ్మలు గీసే పని చాలా పాతది. 1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనది స్కాట్లాండు. ఈస్టిండియా కంపెనీ కొలువు. జాలర్లు తెచ్చిన చేపలను ఆయన మన దేశపు చిత్రకారుల చేత గీయించాడు. 1803లో లండనులో ఆ పుస్తకం రెండు భాగాలుగా అచ్చయింది. అందులో 200 చేపలు ఉన్నాయి. మన జాలర్లు పిలిచే పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. సొరను సొర అనే రాశాడు. ఇప్పుడు ఒక రకం సొరచేపకు శాస్త్రవేత్తలు వాడే పేరు కార్కరైనస్ సొర్రా. మన తీరంలో పలికే మాట అట్లా లోకమంతా తిరుగుతోంది.

ఈ డాక్టరు పాముల మీద కూడా 1796లో పుస్తకం వేశాడు. మన చేలల్లో తిరిగే రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆయన పేరే అది. (అది కరిస్తే కోయకూడదు, నాటుమందు వేయకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. విరుగుడు సూది అక్కడే ఉంటుంది.)

చేపల పుస్తకం మొదటి పేజీలో డాక్టరు పేరు ఉంది. గీసిన వాళ్ల పేరు అక్కడ లేదు.

తెల్లవారి కూతురు బడికి బయలుదేరింది. తల్లి పిలిచింది.

"బొమ్మ కింద నీ పేరు రాసినావా?"

"నోటుబుక్కు అట్ట మీద ఉంది కదా మా."

"అట్ట మీద కాదు. బొమ్మ కింద రాయి."

కూతురు గడప మీద కూర్చొని నాలుగు బొమ్మల కిందా పేరు రాసింది. సొర కింద రెండు పేర్లు రాసింది.

చదవండి, రాయండి: సొర, మొప్ప, తోక, పొలుసు, ఎండ్రకాయ.
మీ ఇంట్లో కోసే చేపను గీయండి. కింద మీ పేరు రాయండి.