భయానికీ ఒక మోతాదు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఊరూరా, వేషాలేసుకున్న నటులు జనాన్ని భయపెట్టే దెయ్యాల కొంపలు వెలుస్తాయి. ఖాళీగా పడున్న గోదాములు, మూతబడ్డ ఫ్యాక్టరీలు, ఊరి చివర మొక్కజొన్న చేలు నెల పొడుగునా రాత్రిళ్లు టికెట్ల మీద నడుస్తాయి. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండుగ దగ్గరపడే కొద్దీ వరసలు పెరుగుతాయి. చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లిన మన పిల్లలు కూడా ఆ వరసల్లో కనిపిస్తారు. ఫోన్లో ఆ సంగతి చెబితే ఇక్కడ అమ్మానాన్నలకు వచ్చే మొదటి సందేహం ఒకటే: "ఇదేం పోయేకాలం? డబ్బు పోసి భయాన్ని కొనుక్కోవడమేంటి?"

సందేహం సబబైనదే. జవాబు మాత్రం మన వ్యక్తిత్వానికి నేరుగా సంబంధించింది. జీవితంలో మనకు ఎదురయ్యే భయాలన్నీ చెప్పాపెట్టకుండా వస్తాయి. ఎంత రావాలో, ఎప్పుడు ఆగాలో వాటిని అడిగి పెట్టించుకోలేం. దెయ్యాల కొంపలో ఆ రెండూ మన చేతిలో ఉంటాయి. అందుకే అది భయాన్ని కొలతపెట్టి చూసుకోవడానికి దొరికే అరుదైన చోటు. ఆ కొలత తెలుసుకోగలిగితే టికెట్టు డబ్బు దండగ కాదు. తెలుసుకోకపోతే మాత్రం అరిచి బయటపడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

అల్లరికి హద్దు గీసిన ఆట

అమెరికాలో ఈ ఆట ఇంటింటికీ పాకింది 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో. హాలోవీన్ రాత్రి కుర్రకారు అల్లరి శ్రుతిమించి, ఊళ్లో ఆస్తులు పాడుచేసేదాకా పోయింది. కేసులూ కొట్లాటలూ ఎందుకని కొందరు తల్లిదండ్రులు తమ ఇళ్ల బేస్‌మెంట్లలోనే భయాన్ని ఏర్పాటు చేశారు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే పిల్లాడి చేతికి ఓసారి పాత బొచ్చుతోలు, మరోసారి పచ్చి లివరు ముక్క తగిలేలా వేలాడదీసేవారు. పిల్లాడు కెవ్వుమనేవాడు, వెనకున్నవాళ్లు పగలబడి నవ్వేవారు. ఉడుకు రక్తానికి హద్దున్న చోటు దొరికింది.

1969లో డిస్నీల్యాండ్ 'హాంటెడ్ మాన్షన్' తెరిచాక ఇది పెద్ద వినోద వ్యాపారమైంది. ఇవాళ కొన్నిచోట్ల మోతాదు బాగా పెరిగింది. కాలిఫోర్నియాలోని 'సెవెంటీన్త్ డోర్' అనే కొంపలో ఒక దశలో వరసగా 17 గదులు దాటాల్సి వచ్చేది. ఒకచోట ఊపిరాడనట్టు చేసేవారు. ఒకచోట కారు మీదికి దూసుకొస్తున్నట్టే ఉండేది. మరోచోట తుపాకులతో కాల్చే దండు ముందు నిలబెట్టేవారు. అంతా నాటకమే. అయినా ఒంటికి ఆ సంగతి అంత తొందరగా ఎక్కదు.

మొదటి పరీక్ష గేటు బయటే

అసలు పరీక్ష లోపల మొదలవుతుందనుకుంటాం. నిజానికి అది వరసలో నిలబడ్డప్పుడే మొదలవుతుంది. నలుగురు స్నేహితులు వెళ్తారు. ఒకడికి ఇష్టం ఉండదు. "నేను ఇక్కడే కాఫీ తాగుతూ కూర్చుంటాలేరా, మీరు వెళ్లిరండి" అంటాడు. వెంటనే మొదలవుతుంది దండయాత్ర: "చీకటంటే అంత భయమేంట్రా?", "ఇంత దూరం వచ్చి బయట కూర్చుంటావా?", "వీడియో తీసి గ్రూపులో పెడతాం చూడు". చివరికి వాడూ లోపలికి వెళ్లేందుకు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడతాడు. ఆ సంతకం వాడు పెట్టింది దెయ్యాలకు జడవకుండా కాదు, స్నేహితుల ఎగతాళికి జడిసి.

ఇలాంటి సంతకాలు మనం జీవితంలో చాలా పెడుతుంటాం. ఇష్టంలేని కోర్సులో చేరడం, తాహతుకు మించిన అప్పు చేయడం, అందరూ కొంటున్నారని షేర్లు కొనడం వెనక ఉండేది చాలాసార్లు ఈ జడుపే. కాబట్టి గేటు దగ్గర మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ స్నేహితులెవరూ లేకపోయినా నేను ఈ టికెట్టు కొనేవాడినా?" అవునని వస్తే హాయిగా వెళ్లండి. కాదని వస్తే కాఫీ తాగడంలో నామోషీ ఏమీ లేదు.

ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచి 1971లో మూసేసిన ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అనే పాత జైలుంది. ఏటా అక్కడ హాలోవీన్ రాత్రులు జరుపుతారు. నటులు తమను ముట్టుకున్నా, పక్కకు లాక్కెళ్లినా ఫర్వాలేదనుకున్నవాళ్లు మెడలో మెరిసే దండ వేసుకుంటారు. అది లేనివాళ్లను నటులు ముట్టుకోరు. ఎంత భయం కావాలో ముందే చెప్పుకునే ఏర్పాటిది. ఆఫీసులో, చుట్టాల్లో, స్నేహాల్లో కూడా "ఇంతవరకు సరే, ఇది దాటితే కుదరదు" అని మొదట్లోనే చెప్పగలిగితే తర్వాత వచ్చే మనస్పర్థలు సగం తగ్గుతాయి.

మోతాదు ఎక్కడ కుదురుతుంది?

గుంటూరు మిరపకాయ కొరికితే నోరు మండుతుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, అయినా ఇంకో ముద్ద కలుపుతాం. ప్రమాదం లేదని తెలిసిన బాధను మనిషి ఇలా ఆస్వాదించడం గురించి పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలం అధ్యయనం చేశారు. మిరపకాయ కారం, కళ్లనీళ్లు పెట్టించే సినిమా, దెయ్యం కథ అన్నీ ఆ కోవలోవే. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్ చదివి రాత్రి దీపం ఆర్పడానికి జంకిన తరమే, తర్వాత ఏం జరుగుతుందోనని వచ్చే వారం సంచిక కోసం ఎదురుచూసింది.

అయితే కారం ఎంతైతే రుచి? దీని మీద డెన్మార్క్‌లో గట్టి పరిశోధన జరిగింది. వైలే పట్టణం దగ్గర 'డిస్టోపియా' అనే దెయ్యాల కొంపకు వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు పెట్టి, వాళ్లు ఉలిక్కిపడే క్షణాలను కెమెరాలతో తీశారు. ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్ల ఈ అధ్యయనం 2020లో వెలువడింది. భయం మరీ తక్కువైన వాళ్లకు విసుగొచ్చింది. మరీ ఎక్కువైన వాళ్లకు ఆనందం ఆవిరైంది. నడిమధ్యన ఉన్నవాళ్లకే మజా దొరికింది. గుండె వేగంలో చిన్న చిన్న ఎగుడుదిగుడులు హాయినిచ్చాయి, పెద్దవి ఇవ్వలేదు.

ఆ కొంపలోనే అంతకుముందు 280 మందిని గమనించారు. కొందరు భయాన్ని వీలైనంత పెంచుకోవడం మీద, మిగతావాళ్లు వీలైనంత తగ్గించుకోవడం మీద దృష్టి పెట్టారు. పెంచుకునేవాళ్లు నటుల కళ్లల్లోకి చూశారు, గొంతు చించుకుని అరిచారు, ఇదంతా నిజమేనని తమకు తాము చెప్పుకున్నారు. తగ్గించుకునేవాళ్లు ముందున్నవాడి చొక్కా పట్టుకున్నారు, చూపు పక్కకు తిప్పుకున్నారు, ఇదంతా వేషమేనని గుర్తుచేసుకున్నారు. బయటికొచ్చాక రెండు రకాల వాళ్లూ దాదాపు ఒకే స్థాయిలో తృప్తిగా ఉన్నారు.

ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఎదురెళ్లి గుద్దుకునేవాడే ధైర్యవంతుడని, చొక్కా పట్టుకుని నడిచేవాడు పిరికివాడని మనకో లెక్క ఉంది. ఇద్దరూ అదే దారి దాటారు. ఎవరి పద్ధతి వాళ్లకు పనికొచ్చింది. వేదిక ఎక్కగానే జనం కళ్లల్లోకి చూసి మాట్లాడేవాళ్లుంటారు, వెనక గోడమీద ఒక చోట చూపు నిలిపి మాట్లాడేవాళ్లుంటారు. వినేవాళ్లకు కావాల్సింది మాట. మీ పద్ధతేదో కనుక్కోండి. పక్కవాడి పద్ధతి చూసి చిన్నబోకండి.

తోడు భయాన్ని తగ్గిస్తుందా?

తోడుంటే ధైర్యమని అందరం అంటాం. పైన చెప్పిన 17 గదుల కొంపలోనే కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 156 మంది చేతులకు పరికరాలు కట్టి, ఒంట్లో అలజడి ఎలా పెరిగిందో కొలిచారు. గుంపులో స్నేహితులు ఎక్కువున్న కొద్దీ అలజడి కూడా ఎక్కువగానే నమోదైంది. పక్కవాడి కేక మనకు అంటుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. పరీక్ష హాలు బయట చివరి నిమిషంలో "అది చదివావా, ఇది చదివావా" అని గుమిగూడే గుంపులో నిలబడితే ఏమవుతుందో మన విద్యార్థులకు బాగా తెలుసు. తోడు మంచిదే. తోడొచ్చేవాళ్లు ఎలాంటివాళ్లన్నది కూడా చూసుకోవాలి. చేయి పట్టుకుని నడిపించేవాళ్లొక రకం, మన భయం మీద ఆడుకునేవాళ్లొక రకం.

"ఇక చాలు" అనగలగడం

మోతాదు ఎక్కువున్న కొంపలు చాలావాటిలో ఆట ఆపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. తట్టుకోలేకపోతే ముందే చెప్పిన మాట ఒకటి అనాలి. అది వినగానే నటుడు వేషం మానేసి దారి చూపిస్తాడు. ఈ ఏర్పాటు ఉంది కాబట్టే లోపల భయం ఆటగా ఉంటుంది. అది లేనిచోట, లేదా పేజీలకు పేజీలు సంతకాలు పెట్టించుకుని ఆపమన్నా ఆపనిచోట, జరిగేది ఆట కాదు. అలాంటి చోటికి వెళ్లడాన్ని సాహసం అనకూడదు.

ఆ మాట వాడటానికి చాలామంది సిగ్గుపడతారు. పదో గదిలోనే ఒంట్లో వణుకు ఆగట్లేదని తెలిసినా, బయట నవ్వుతారని పళ్ల బిగువున పదిహేడోది దాకా పోతారు. ఆ తర్వాత రాత్రుళ్లు నిద్రపట్టక అవస్థపడతారు. నా దృష్టిలో పదో గదిలో "చాలు" అన్నవాడికి తన గురించి తనకు కచ్చితమైన సమాచారం ఉంది. అలాంటివాడికి మరుసటి ఏడు పదకొండో గది చూసే వీలూ ఉంటుంది. విపరీతమైన భయాల చికిత్సలో డాక్టర్లు చేయించేది కూడా ఇదే పద్ధతి: చిన్న మెట్టుతో మొదలుపెట్టి, అది అలవాటయ్యాక పై మెట్టు ఎక్కించడం.

బయటికొచ్చాక

పిట్స్‌బర్గ్‌లో పెద్దలకు మాత్రమే అనుమతి ఉన్న ఒక తీవ్రమైన దెయ్యాల కొంపలో మార్గీ కెర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తోటి పరిశోధకులు 262 మందిని లోపలికి వెళ్లే ముందూ వచ్చాకా ప్రశ్నలడిగారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. వెళ్లేముందు అలసటగా, విసుగ్గా, ఒత్తిడిగా ఉన్నవాళ్లలోనే ఎక్కువగా మనసు తేలికపడింది. అలా తేలికపడ్డవాళ్ల మెదడు ఆ తర్వాత ఇచ్చిన ఒత్తిడి పనులకు అంతగా చలించలేదు. దీన్ని మందుగా వాడమని ఎవరూ అనరు. భయాన్ని ఇష్టపూర్వకంగా దాటినప్పుడు, "దీన్ని తట్టుకున్నాను" అన్న నమ్మకం కాసేపైనా మిగులుతుందని మాత్రం తెలుస్తోంది.

ఆ నమ్మకాన్ని రోజువారీ పనిలోకి తెచ్చుకోవాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించిన విషయం ఇక్కడ పనికొస్తుంది. నలుగురిలో పాడేముందు, మాట్లాడేముందు, లెక్కల పరీక్ష రాసేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవాళ్లు, తమను తాము శాంతపరుచుకోవాలని చూసినవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. ఉత్సాహంలోనైనా ఆందోళనలోనైనా గుండె దడ ఒకటే. దానికి మనం పెట్టుకునే పేరు వేరు. దెయ్యాల కొంప వరసలో నిలబడ్డప్పుడు దడను సరదా అని పిలిచే మనమే, ఇంటర్వ్యూ గది బయట అదే దడను అసమర్థత అని పిలుస్తాం. తెలుగు మీడియంలో చదివి మొదటిసారి ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడబోయే కుర్రాడికి చేతులు చెమటలు పట్టడం సహజం. ఒళ్లు పనికి సిద్ధమవుతోందని దానర్థం. నాకు చేతకాదని అర్థం చెప్పుకోనక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు

గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, మెరిసే లైట్లకు ఫిట్స్ వచ్చే అవకాశమున్నవాళ్లు ఇలాంటిచోట్లకు వెళ్లకూడదు. ఈమధ్యే ఏదైనా ప్రమాదం, దాడి, ఆత్మీయుల మరణం చూసినవాళ్లు కొంతకాలం ఆగడం మంచిది. చిన్నపిల్లలను బలవంతాన లాక్కెళ్లకండి. ఏడుస్తున్న పిల్లను వీడియో తీసి నవ్వడం వల్ల ఆ పిల్లకు ధైర్యం రాదు, మీ మీద నమ్మకం పోతుంది.

లోపలికి వెళ్లగానే బయటికి దారి చూపే బోర్డులెక్కడున్నాయో చూసుకోండి. 1984 మే నెలలో న్యూజెర్సీలోని ఒక థీమ్ పార్కు దెయ్యాల కోటలో మంటలు లేచి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. మంటలార్పే నీటి స్ప్రింక్లర్లు అందులో లేవు. ఆ తర్వాతే అమెరికాలో ఇలాంటి కట్టడాలకు అగ్నిమాపక నిబంధనలు బిగించారు. నటించే భయానికి ఎంత నవ్వుకున్నా, నిజమైన ప్రమాదం విషయంలో ఏమరుపాటు పనికిరాదు.

దెయ్యాల కొంపకు వెళ్లినా వెళ్లకపోయినా, వచ్చే నెల రోజుల్లో ఒక పని చేయండి. మీరు తప్పించుకు తిరుగుతున్న భయం ఒకదాన్ని ఎంచుకోండి. బాసుతో జీతం గురించి మాట్లాడటం కావచ్చు, వేదికెక్కడం కావచ్చు, డ్రైవింగ్ కావచ్చు. అందులో మీకు సరిపడే చిన్న మోతాదేదో మీరే నిర్ణయించుకోండి. నమ్మకమైన మనిషిని ఒకరిని తోడు తీసుకోండి. ఎక్కడ ఆగాలో ముందే అనుకుని మొదలుపెట్టండి. భయపడటం ఎవరికీ తప్పదు. ఎంత భయాన్ని, ఎప్పుడు, ఎవరి తోడుతో ఎదుర్కోవాలో ఎంచుకునే హక్కును మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టకండి.