పాత తెరచాప పడవకు కొత్త తాళ్లు: ఎంపిక ఎలా?

బావిలో చేంతాడు ఎప్పుడూ గిలక మీద ఒరుసుకునే చోటే తెగుతుంది. తెరచాప పడవ తాళ్లు కూడా అంతే. ఈ హాస్టల్లో చదువుకుని, పడవలు బాగుచేసే పనిలో కుదిరినవాడిగా ఆ తాళ్లు ఎంచుకునే పద్ధతి గురించి తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌కు మించిందేమీ లేదు.

పడవలో తాళ్లు రెండు రకాలు. స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు కదలవు. చాపను ఎత్తి, లాగి, వదలడానికి వాడేవి కదిలే తాళ్లు. నేను చెప్పేది ఈ రెండో రకం గురించి. చాపను స్తంభం పైకి ఎత్తే తాడును హాలియార్డ్ అంటారు. గాలికి తగ్గట్టు చాపను బిగించే తాడు పేరు షీట్. షీట్ అంటే గుడ్డ అనుకుని కొత్తవాళ్లంతా తికమకపడతారు. అది తాడే.

హాలియార్డ్ తెగితే చాప కిందికి జారిపోతుంది, పడవ అలల పాలవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్తంభం మీద దీపం మార్చాలంటే మనిషిని గుడ్డ కుర్చీలో కూర్చోబెట్టి ఆ హాలియార్డ్‌తోనే పైకి లాగుతారు. ఆ మనిషి చాలాసార్లు పడవ యజమాని కాదు, మాలాంటి పనివాడే. కల్లుగీసేవాళ్లు చెట్టెక్కే ముందు మోకును తడిమి చూసుకుంటారు కదా, మేమూ అలాగే చూసుకుంటాం. ఒక తాడుతో పైకి వెళ్లం. రెండోది కూడా నడుముకు కట్టుకుంటాం.

ఇక పదార్థం సంగతి. పూర్వం జనపనార, మనీలా నార, నూలు తాళ్లు వాడేవారు. 1935లో అమెరికాలో కారథర్స్ బృందం నైలాన్‌ను, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిలిన్‌ను తయారుచేశారు. టెరిలిన్ అంటే పాలిస్టరే. మన యూనిఫారాల టెరికాట్ బట్టలో నూలుతో కలిసి ఉండేది ఈ దారమే. తర్వాతి కాలంలో డైనీమా అనే ప్లాస్టిక్ నార వచ్చింది. అది అదే బరువున్న స్టీలు కంటే ఎన్నో రెట్లు బలమైనది, నీళ్లలో తేలుతుంది కూడా.

మరి అన్నిటికంటే బలమైనదే కొంటే పోలేదా? ఇక్కడే హుక్ సూత్రం కావాలి. బరువు పడితే తాడు సాగుతుంది, పొడవు ఎక్కువైతే సాగుదలా ఎక్కువే. హాలియార్డ్‌లో బరువు మోసే భాగం 9 మీటర్లు అనుకుందాం. పాలిస్టర్ అల్లిక తాడు గట్టి గాలిలో నూటికి రెండు వంతులు సాగితే 18 సెంటీమీటర్లు. నైలాన్ నూటికి ఎనిమిది సాగితే 72 సెంటీమీటర్లు. అంత సాగితే చాప ముడతలు పడి వేలాడుతుంది. కాబట్టి హాలియార్డ్‌కు నైలాన్ పనికిరాదు. కానీ లంగరు తాడుకు అదే మంచిది, ఎందుకంటే అల కుదుపును సాగి మింగేస్తుంది. ఒక చోట లోపమైన గుణమే ఇంకో చోట అవసరం.

డైనీమా దాదాపు సాగదు. పందేల పడవలకు అది వరమే. 1970ల నాటి పడవకు మాత్రం నేను సిఫార్సు చేయను. ఆ పడవ చాప కూడా పాలిస్టర్ గుడ్డదే, అదీ కొంత సాగుతుంది. తాడు సాగకపోతే గాలి దెబ్బ నేరుగా పాత కప్పీకి, పాత మరకు తగులుతుంది. తెగాల్సిన చోటు తాడు నుంచి ఇనుముకు మారుతుందంతే. పైగా డైనీమా నున్నగా ఉండి ముడిలోంచి జారుతుంది. 10 మిల్లీమీటర్ల తాడు కోసం చేసిన పాత పట్టులో సన్నని తాడు నిలవదు. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఇలాంటి ఆధునిక నారలు నిషేధం. 2022లో మొదలైన ఆ పందెంలో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో గమ్యం చేరారు. మరి తీరం వెంట తిరిగే పడవకు పాలిస్టర్ చాలదా?

లావు నిర్ణయించేది బలం ఒక్కటే కాదు, మన చేయి కూడా. 26 అడుగుల పడవకు 6 మిల్లీమీటర్ల తాడు బలం సరిపోవచ్చు గానీ, తడిచేతితో లాగితే అరచేయి కోసుకుపోతుంది. హాలియార్డ్‌కు 8 లేదా 10, షీట్‌కు 10 మిల్లీమీటర్లు తీసుకుంటాం. షీట్‌కు పైతొడుగు కాస్త గరుకుగా ఉంటే మంచిది. చౌక అని పాలిప్రొపిలిన్ తాడు తేవద్దు. వరండాలో బట్టలారేసే ప్లాస్టిక్ తాడు ఏడాదికల్లా ఎండకు పొడి రాలడం మీరు చూసే ఉంటారు.

పాత పడవల్లో చాలావాటికి హాలియార్డ్ సగం స్టీలు తీగ, సగం తాడు. తీగ పోగులు తెగి ముళ్లలా లేచి చేతులు కోస్తాయి. దాన్ని తీసేసి మొత్తం తాడే వేయడం మంచిదే, కానీ ముందు స్తంభం కొసనున్న కప్పీని చూడాలి. తీగ కోసం చేసిన కప్పీ గాడి ఇరుగ్గా ఉంటుంది, ఏళ్ల తరబడి తీగ రాపిడికి అంచులు రంపంలా తయారవుతాయి. అందులో కొత్త తాడు వేస్తే కొద్దిరోజుల్లోనే తొడుగు చిరుగుతుంది. గాడి వెడల్పుగా, గుండ్రంగా ఉన్న కప్పీ మార్చాకే తాడు కొనాలి.

కొనే ముందు మరో మాట. బిరుసెక్కిన తాడంతా చెడిపోయినది కాదు. మంచినీళ్ల బకెట్లో కొద్దిగా సబ్బు వేసి నానబెడితే ఉప్పు వదిలి మెత్తబడుతుంది. తర్వాత అంగుళం అంగుళం వేళ్ల మధ్య జరపాలి. లోపల బోలుగా, చదునుగా తగిలినా, తొడుగు తెగి లోపలి అల్లిక కనిపించినా మార్చాల్సిందే. ఒరుపు కొద్దిగానే ఉంటే కొసలు తిప్పి కట్టండి, ఒరుసుకునే చోటు మారుతుంది.

పొడవుకు స్తంభం ఎత్తు రెండింతలు చేసి, కట్టుకోవడానికి నాలుగు మీటర్లు కలపండి. 9 మీటర్ల స్తంభానికి 22 మీటర్లు. తాడును పడవ వెనుక దాకా తెచ్చి కడితే ఆ దూరం అదనం. పాత తాడును ముందే లాగేయకూడదు. దాని కొసకు కొత్త తాడు కొసను ఆనించి, సూదీదారంతో గట్టిగా కుట్టి, పైన టేపు చుట్టి నెమ్మదిగా లాగితే కొత్తది కప్పీ మీదుగా తనంతట అదే వచ్చేస్తుంది. కుట్టు మధ్యలో ఊడితే మాత్రం ఎవరో ఒకరు స్తంభం ఎక్కాల్సిందే.